మిషన్‌ని అడగమన్న ల్యాబ్ అక్క

మా ల్యాబ్ అక్క పోయిన సంగతి ఆస్పత్రి వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను బోనకల్ స్టేషన్‌లో ఖమ్మం రైలు కోసం నిలబడి ఉన్నాను. "పొద్దుగాల పోయింది సార్. ఎర్రుపాలెంల, చెల్లెలి ఇంట్ల" అన్నాడు. కాలేయం చెడి మంచాన పడ్డ ఆ మూడు నెలల్లో ఆమెను చూడడానికి నేను వెళ్లింది ఒక్కసారే. ఆ ఒక్కసారి ఏం జరిగిందో దాచి, ఆమె గురించి మంచి మాటలు మాత్రం రాయడం నాకు చేతకాదు.

భద్రాచలం దాటాక, అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ధర్మాసుపత్రిలో ఆమె రక్తపరీక్షలు చేసేది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బున్న పిల్లలు గూడేల నుంచి వచ్చేవారు. ఎవరికి ఎప్పుడు రక్తం ఎక్కించారో, ఎవరికి ఏ మందు పడదో రాసిన కాగితాలు వానకు తడిసి, చిరిగి పోయేవి. అందుకని ఆమె డ్యూటీ అయ్యాక కూర్చుని, తనంతట తానే నేర్చుకుని, రెండేళ్లలో కంప్యూటర్‌లో ఒక డేటాబేస్ తయారుచేసింది. కీబోర్డు ముట్టుకునే ముందు స్పిరిట్ దూదితో తుడిచేది. గుర్తుంచుకోవలసినవి ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకునేది.

దాన్ని మా ఆస్పత్రి కింద ఉన్న ఐదు సబ్‌సెంటర్లలో పెట్టే పని నాకిచ్చారు. నేను అప్పుడే కాంట్రాక్టు మీద చేరిన ఆపరేటర్‌ని. ఆమె ఫైలు ఒక్కటే కాపీ చేస్తే సరిపోదు. దాన్ని తెరిచే అసలు ప్రోగ్రామ్ ఆ కంప్యూటర్‌లో ఎక్కడ ఉందో చూసి, ఆ దారిని, నర్సులు నొక్కి తెరిచే షార్ట్‌కట్ బొమ్మలో రాయాలి. ఒక మిషన్‌లో సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటే, ఇంకో మిషన్‌లో వేరే ఫోల్డర్‌లో, మరోదాంట్లో ఏకంగా డీ డ్రైవ్‌లో ఉండేది. ఏ ప్రోగ్రామ్ ఎక్కడుందో విండోస్ తన రిజిస్ట్రీలో రాసిపెట్టుకుంటుంది. అందులో వెతకడం ఆమే నేర్పింది.

"మనం అనుకున్న జాగల ఉండదు తమ్మీ. ఊహించి రాయకు. మిషన్‌ని అడుగు, అది చెప్తది" అనేది.

నాలుగు సెంటర్లలో అడిగాను. అయిదోది అడవి లోపల. కరెంటు వస్తూ పోతూ ఉంది. నాలుగింటికి ఆఖరి బస్సు. నాలుగో సెంటర్ షార్ట్‌కట్‌నే అక్కడ పెట్టేసి, తెరిచి చూడకుండా బస్సెక్కాను.

అక్కడ ఆ ప్రోగ్రామ్ ఆ దారిలో లేదు. నర్సు ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోలేదు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. మూడో రోజు నొప్పితో మెలికలు తిరుగుతున్న తొమ్మిదేళ్ల పాపను తీసుకొచ్చారు. ఆ పాపకు ఏ ఇంజెక్షన్ పడదో డేటాబేస్‌లో ఉంది. నర్సుకు కనపడలేదు. ఆ ఇంజెక్షనే ఇచ్చింది. పాప మొహం వాచి, ఊపిరి ఆడక, జీపులో భద్రాచలం చేరేసరికి నీలంగా మారింది. బతికింది.

మర్నాడు అక్క ఆ సెంటర్‌కు వెళ్లి మిషన్ సరిచేసి వచ్చింది. ఆ తర్వాత మేనేజర్ అందరినీ పిలిచాడు. పాప తండ్రి కూడా ఉన్నాడు.

"రక్తం తీసే మనిషివి రక్తం తీసుకోక, ఈ ఇంజనీరు వేషాలెందుకు నీకు? ఎవరిది తప్పు?" అన్నాడు మేనేజర్.

అక్క నా వైపు చూసింది. వచ్చే వారమే నా కాంట్రాక్టు రెన్యువల్. తల దించుకున్నాను.

"నాదే సార్" అంది.

అందరి ముందూ అక్క చేత ఆ తండ్రి కాళ్లకు దండం పెట్టించారు. ఆయన సిగ్గుపడి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. అప్పుడూ నేను నోరు తెరవలేదు. ఆ వారంలోనే ఆమె డేటాబేస్‌ను ఐదు మిషన్ల నుంచీ తీసేయమన్నారు. ఆ పనీ నాకే ఇచ్చారు. చేశాను. మళ్లీ కాగితాలే వచ్చాయి. ఆమె ఇంకో ఆరేళ్లు అక్కడే రక్తం తీసింది. నేను ఖమ్మంలో మంచి ఉద్యోగానికి వెళ్లిపోయాను. ఆ ఉద్యోగం ఆమె నేర్పిన పనితోనే వచ్చింది.

పోయిన నెల ఎర్రుపాలెం వెళ్లినప్పుడు ఆమె పసుపు ముద్దలా ఉంది. మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను.

"ఎరికే. నీ షార్ట్‌కట్ ఆ రోజే తెరిచి చూసిన" అంది.

"మరి మేనేజర్‌కు ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు చెప్తవేమోనని చూసిన. మస్తు రోజులు చూసిన."

క్షమించమన్నాను.

"ఇప్పుడు చెప్తే నీకు పానం నిమ్మళమైతది. నాకేంది తమ్మీ?" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అదే.

ఎర్రుపాలెంలో సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, "అక్కతో పనిచేసినవాళ్లు ఎవరైనా రెండు మాటలు చెప్పండి" అన్నారు. లేచాను. నాకు పని నేర్పింది ఆమేనన్నాను. చాలా మంచి మనిషి అన్నాను. కూర్చున్నాను.

తలా పిడికెడు మట్టి వేసి గుంట పూడ్చాక అందరం బోరింగు దగ్గర చేతులు కడుక్కున్నాం. అక్క చెల్లెలు ఒక్కతే బోరింగు కొడుతోంది. నా వంతు వచ్చింది. నేను ఎవరో ఆమెకు తెలియదు.

"గోళ్లల్లో ఇంకా ఉంది మట్టి. బాగా కడుక్కోండి" అంది. చీర కొంగు నడుముకు బిగించి, నా చేతుల మీద నీళ్లు పడేలా కొడుతూనే ఉంది.