నాలుగు నిమిషాల ఏసోబు

పడ్డవాళ్ళను లేపీ లేపీ విసుగెరగని దేవునికి స్తోత్రం. నా చేతిలో కత్తెర ఉందని తెలిసి కూడా నన్ను సంఘంలోంచి కత్తిరించకుండా ఉంచినందుకు ఇంకో స్తోత్రం.

సంఘం కోసం సాక్ష్యాల వీడియోలు తీయడం నా పని. నిరుడు చీమకుర్తిలో గ్రానైటు పలకలకు పాలిష్ పట్టే ఏసోబు అనే విశ్వాసి మీద ఒక డాక్యుమెంటరీ తీశాను. ఆయన రెండు గంటలు మాట్లాడాడు. తాగడం, మానడం, మళ్ళీ తాగడం, మళ్ళీ మానడం. నేను దాన్ని నాలుగు నిమిషాలు చేశాను. అందులో ఏసోబు ఒక్కసారే పడతాడు, ఒక్కసారే లేస్తాడు, వెనక వయొలిన్ మోగుతుంది. చాలా ఊళ్ళ మందిరాల్లో వేశారు. చూసి ఏడ్చినవాళ్ళున్నారు. నాకు గర్వంగానే ఉండేది.

ఒక గురువారం ఏసోబు భార్య మార్తమ్మ ఫోన్ చేసింది.

"వందనాలు బ్రదర్. మీ సినిమా వచ్చాక మా ఆయన మందిరానికి రావడం మానేశాడు."

వాళ్ళ సంఘంలో ఒక అలవాటుంది. ఆదివారం ఆరాధన చివర ఎవరైనా లేచి ఆ వారం ఎక్కడ తప్పిపోయారో చెప్పుకోవచ్చు. ఏసోబు తప్పకుండా లేచేవాడు. తాగితే తాగానని, తాగబుద్ధేస్తే తాగబుద్ధేసిందని చెప్పేవాడు. సంఘం మొదట నవ్వేది, తర్వాత ప్రార్థన చేసేది. అలా ఎనిమిది నెలలు చుక్క ముట్టలేదు. వీడియో బయటికొచ్చిన నెలకు మళ్ళీ తాగాడు. ఈసారి లేచి చెప్పలేకపోయాడు.

"సినిమాలో హీరో మళ్ళీ ఎలా తాగుతాడు బ్రదర్?" అంది మార్తమ్మ.

మర్నాడు ఉదయం ఆరున్నరకు గుంటూరులో ఒంగోలు బస్సెక్కాను. ల్యాప్‌టాప్‌లో ఆ రెండు గంటలూ ఉన్నాయి. మిర్చి యార్డు దాటేలోపు డ్రైవరుతో సహా బస్సంతా తుమ్మింది. చిలకలూరిపేట దాటినా రోడ్డు పక్క కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసే ఉన్నాయి. పక్క సీటులో మార్టూరు రైతు ఒకాయన, నేనేం చేస్తుంటానని అడిగాడు. బాగున్నది ఉంచి, బాగాలేనిది తీసేయడమే ఎడిటింగ్ అని చెప్పాను.

"మేం తాలుకాయ ఏరినట్టు," అన్నాడు. రంగు పోయి తెల్లబడిన మిరపకాయను తాలు అంటారు. "మరి ఏరింది ఏం చేస్తావు?"

"పారేస్తామండి."

"పారేస్తావా? తాలు కూడా కొంటారయ్యా. వేరే బస్తాలో పోస్తాం." నన్ను పనికిరానివాణ్ణి చూసినట్టు చూసి, కునుకు తీశాడు.

తొమ్మిదిన్నరకు ఒంగోలు. స్టాండు ఎదురుగా ఇడ్లీ బాగుంటుంది, కారప్పొడితో జాగ్రత్త. అక్కణ్ణుంచి కర్నూలు రోడ్డు బస్సులో చీమకుర్తికి ముప్పావుగంట. వెళ్ళదలచినవాళ్ళు ముక్కుకు రుమాలు కట్టుకోండి. ఒక్కో లారీ మీద గదంత నల్లరాయి, దాని వెనక తెల్లటి దుమ్ము.

ఏసోబు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"కెమెరా తెచ్చావా బ్రదర్? రాత్రి తాగాను. తీసుకో," అన్నాడు.

మార్తమ్మ అన్నం వండేలోపు, వీడియోలోంచి నేను తీసేసిందంతా ల్యాప్‌టాప్‌లో వేసి చూపించాను. మొదట మొహం తిప్పుకున్నాడు. బావమరిది పెళ్ళిలో తాగి, ఎవరివో చెప్పులు తొడుక్కుని ఇంటికొచ్చిన కథ దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాడు. తెర మీద తను "నాలుగుసార్లు పడ్డాను" అంటుంటే వంటింట్లోంచి మార్తమ్మ, "ఐదు," అంది.

"ఐదోది బీరే."

"బీరు కొబ్బరినీళ్ళా ఏంది?"

భోజనాల దగ్గర నాలుగు నిమిషాల వీడియో కూడా వేశాను. బాప్తిస్మం గురించి చెప్పేచోట ఆయన కంటి వెంట నీళ్ళు కారతాయి.

"ఆపు," అన్నాడు ఏసోబు. "అది కంట్లో రాతిపొడి పడ్డప్పుడు కదా?"

"అవును."

"ఇక్కడెందుకు పెట్టావు?"

"బాగుందని."

"రాతిపొడికి మారుమనస్సని పేరు పెట్టావా? ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని నేర్పేది నువ్వే కదా?"

నేను గోంగూర ఇంకొంచెం అడిగాను. మార్తమ్మ వెయ్యలేదు.

"పడ్డవన్నీ పెట్టు బ్రదర్," అన్నాడు ఏసోబు చెయ్యి కడుక్కుంటూ. "చివర్లో మాత్రం లేచినట్టు పెట్టకు. ఇంకా లేవలేదు."

మా పాస్టరుగారిని అయ్యగారు అంటాం. వచ్చే వారం కూడికల్లో ఈ వీడియో మళ్ళీ వెయ్యాలని ఆయన ఆశ. ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ముగింపు లేని సాక్ష్యం ఎలా వేస్తాం బ్రదర్?" అన్నారు.

"ఉన్నది ఇదేనండి."

అయ్యగారు "నిడివెంత?" అని అడిగారు.

ఏసోబును గుమ్మం దగ్గర కూర్చోబెట్టి ఒక్క షాటు తీశాను. లారీలు హారన్లు ఆపలేదు, నేనూ ఆగలేదు. "రాత్రి తాగాను. ఇవాళ ఇంకా తాగలేదు. టైము రెండున్నరైంది," అన్నాడు.

ఐదింటికి ఒంగోలులో గుంటూరు బస్సు దొరికింది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వయొలిన్ తీసేశాను, రాతిపొడి కన్నీళ్ళు తీసేశాను, పడిపోవడాలన్నీ వరసగా పెట్టాను. పదకొండు నిమిషాలు వచ్చింది. మేదరమెట్ల దాటాక, పక్కనే కూర్చుని అంతా చూస్తున్న పెద్దావిడ ఆగలేక అడిగింది.

"చివరికి మానేస్తాడా బాబూ?"

"తెలియదమ్మా. ఎల్లుండి ఆదివారం. మందిరంలో లేచి ఉన్నది చెప్తాడో లేదో చూడాలి."

"పేరేంది ఆయనది?"

చెప్పాను. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

మీరూ కళ్ళు మూసుకోండి. ఏసోబు మారిపోయాడని ముందే స్తోత్రాలు చెప్పేయకండి, ఆ తొందరపని నేను చేసి చూశాను. లేచి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పే ధైర్యం ఆయనకిమ్మని నాతో కలిసి అడగండి. మీరు దీన్ని ఏ వారం చదివినా, ముందొక ఆదివారం ఉంటుంది.