ఆగి ఆగి నడిచిన పెద్దబాపు

పోయిన మంగళవారం పొద్దున మా పెద్దబాపు పోయాడు. మా నాయనకు అన్న, భివండిలో నాకు మరమగ్గం పని నేర్పినవాడు. ధామన్‌కర్ నాకా కూడలికి పోయే దారిలో, గిన్నెల దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని అట్లాగే పోయాడు. దుకాణం అతను చాలాసేపు కదిలించనే లేదట. చాచా మునుపు రోజూ ఆగేవాడే కదా, ఆరాం చేస్తున్నాడనుకున్నానని చెప్పి ఏడ్చాడు.

ఆ ఆగడం సంగతి నాకు ఇప్పటికీ సరిగ్గా అంతుబట్టదు.

ఆయన పన్నెండు గంటలు మగ్గాల మధ్య నిలబడేవాడు, ఏ నొప్పీ లేదు. బయటికొచ్చి నాలుగు దుకాణాలు దాటితే మాత్రం ఆగాల్సిందే. గిన్నె ఒకటి తీసి, వేలితో కొట్టి చూసి, "గిదెంత?" అనేవాడు. కాసేపటికి అక్కడే పెట్టేసి కదిలేవాడు.

"కొనేది లేదు, పోయేది లేదు. ఏందే పెద్దబాపూ నీ బేరాలు?" అని ఏడిపించేవాణ్ణి.

"చూస్తే పైసలడుగుతార్రా?" అని నవ్వేవాడు.

ఒకరోజు పిక్క నొక్కుకుంటూ దొరికిపోయాడు. "నడిస్తే గిక్కడ పట్టుకుంటది బిడ్డా. జర ఆగితే ఇడుస్తది."

ఇన్నేళ్ళు నిలబడిన కాళ్ళు, ఇక అరగదీయొద్దనుకున్నాను. మర్నాటి నుంచి నా పాత స్కూటర్ మీదే కార్ఖానాకు తీసుకుపోయాను. "నన్ను నడవనియ్యిరా" అని గొణిగినా వినలేదు. పెద్దాయనను బాగా చూసుకుంటున్నాడని నలుగురూ అంటుంటే నాకు గొప్పగా ఉండేది.

చలికాలం వచ్చేసరికి ఆయన పాదాలు మంచుగడ్డలయ్యాయి. మేము టిఫిన్ డబ్బాలు వెచ్చబెట్టుకునేది మగ్గం మోటారు మీదే. "డబ్బా పెట్టేకాడ పాదం పెట్టు, వెచ్చగుంటది" అన్నది నేనే. పెట్టాడు. మొద్దుబారిన పాదం కాలుతున్నది ఆయనకు తెలియలేదు. బొబ్బ పుండయింది, పుండు మానలేదు, బొటనవేలు నల్లబడింది.

ఠాణే ఆసుపత్రిలో డాక్టరు పాదం మీద వేళ్ళు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికాడు. కాళ్ళకు నెత్తురు తీసుకుపోయే నాళాలు సన్నబడ్డాయన్నాడు. బీడీ మానాలి, పాదాలకు వేడి తగలనీయొద్దు, రోజూ పాదాలు చూసుకోవాలి, మందులు ఆపొద్దు. పుండు మానాక నడవాలి. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్ళీ నడవాలి.

నేను బిత్తరపోయాను. ఆయన అన్నేళ్ళు చేసింది అదే కదా! మరి నేను మాన్పించిందేమిటి?

బొటనవేలు తీసేశారు. ఇంటికొచ్చాక కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన తిట్టలేదు. మగ్గం నేర్పేటప్పటి మాటే మళ్ళీ అన్నాడు: "మగ్గం ఆగితే ముందుగాల పోగు ఏడ తెగిందో చూడాలె. నువ్వు చూడలే. నేను గూడ చూడలే. గంతే."

ముప్పై ఏళ్ళ బీడీ మానాడు. మానిన కొత్తలో ఇంట్లో అందరి మీదా విసుక్కునేవాడు, అదీ నిజమే. పుండు మానాక మళ్ళీ రోడ్డెక్కాడు. గిన్నెల దుకాణం అతను ఆయన కోసమే స్టూలు వేసి ఉంచేవాడు. రెండేళ్ళలో ఆ దుకాణం దాటి ఇంకో మూడు దుకాణాల దాకా ఆగకుండా పోయేవాడు. అది నాకు చూపించడానికి ఒకరోజు నన్ను వెంట తీసుకుపోయాడు కూడా.

మరి మంగళవారం ఎందుకు ఆ దుకాణం దగ్గరే ఆగాడు? నడకే ముంచిందా? కాలి నాళాల్లో ఉన్న జబ్బు గుండెకూ ఉంటుందని, నడక వల్లనే ఇన్నాళ్ళు తిరిగాడని డాక్టరు అంటాడు. సరేనంటాను. తెల్లారితే మళ్ళీ నన్ను నేను అదే అడుగుతాను.

నిన్న స్కూటర్ ఇంట్లోనే వదిలి ఆ దారిన నడిచాను. స్టూలు అక్కడే ఉంది, ఖాళీగా. నా పిక్కల్లో ఏ నొప్పీ లేదు. అయినా ఆగాను. గిన్నె ఒకటి తీసి వేలితో కొట్టి, "గిదెంత?" అన్నాను. దుకాణం అతను స్టూలు నా వైపు జరిపాడు.