మైనం పట్టించిన బూట్లు

మా మరదలు పోయింది. మా తమ్ముడి పెళ్ళాం. నరసన్నపేటలో నా కొడుకింట్లో పొద్దున్నే బియ్యం ఏరుతూ ఉంటే ఫోను వచ్చింది. తమ్ముడి దగ్గర్నుంచి ఏళకాని ఏళ ఫోను వస్తే వాడి కాలికేదో అయిందనే అనుకుంటాను. ఆరోజూ అదే అనుకున్నాను. "కాలేటైందిరా?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

"కాలు కాదప్పా. అదీ... అది పడిపోయింది" అన్నాడు.

వాకిట్లో కల్లాపి జల్లుతూ గుండె పట్టుకుని కూలబడిందట. ఆటో వచ్చేలోపే అయిపోయింది. ఊళ్ళో అందరి కోసం భయపడేదాన్ని నేను. కొడుకు బండి మీద వెళితే భయం, మనవరాలు దగ్గితే భయం. మరదలి కోసం భయపడాలని మాత్రం నాకెప్పుడూ తోచలేదు.

వాళ్ళది పాతపట్నం వైపు పల్లె. వరి పండించే ఇల్లు. మా తమ్ముడికి చాలా ఏళ్ళుగా సుగరు. ఎడం కాలి చిటికెన వేల్లో ముల్లు దిగితే వాడికి తెలీనే లేదు. అరికాళ్ళు మొద్దుబారిపోయాయి మరి. తెలిసేసరికి వేలు నల్లబడింది, తీసేశారు. ఉత్తికాళ్ళతో నడవకూడదు, కాలు తడవకూడదు, ఇంకో పుండు పడితే ఈసారి వేలితో పోదు, మోకాలి దాకా తియ్యాలి అని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మబ్బు పడితే చాలు, వాడి కాలే కళ్ళల్లో మెదిలేది.

రైతు కాలు తడవకుండా ఎలా ఉంటుంది? చేలోకి దిగడం మానేశాడు సరే, గట్టు మీదైనా నిలబడకపోతే వాడికి అన్నం దిగదు. గట్టు మీద గడ్డి, గడ్డి నిండా నీళ్ళు. రబ్బరు బూట్లు కొంటే లోపల చెమట పట్టి మడమ బొబ్బలెక్కింది. తోలు బూట్లు గట్టిగా ఉండి ఒరుసుకున్నాయి. మెత్తగా ఉన్నవి గుడ్డ బూట్లే. కానీ గుడ్డ నీళ్ళు తాగేస్తుంది.

అప్పుడు మా మరదలు కొవ్వొత్తి పట్టుకుంది. ఎవరు చెప్పారో తెలీదు. ఎండిన బూటుకి కొవ్వొత్తి అరగదీసి, నిప్పుల సెగ చూపించింది. మైనం గుడ్డలోకి ఇంకిపోయింది. రెండు రోజులు బాగానే ఉంది. తర్వాత వేళ్ళ దగ్గర మడత పడే చోట మైనం పెళుసుగా విరిగి నీళ్ళు దూరాయి. సాయంత్రం మేజోడు పిండి చూసింది. ఆ వారం సంతలో, కొండ మీంచి దిగిన సవర ఆడవాళ్ళ దగ్గర తేనెమైనం ముద్ద కొనుక్కొచ్చింది. కొవ్వొత్తి, తేనెమైనం, కాస్త కొబ్బరినూనె కలిపి కరిగించి, పాత గుడ్డతో రుద్దింది. అడుగు రబ్బరూ గుడ్డా కలిసే చోట, కుట్ల మీద, తాళ్ళ కన్నాల చుట్టూ ఇంకా మందంగా. ఆరాక నీళ్ళు చిలకరిస్తే చామాకు మీద బొట్టులా జారిపోయాయి.

అయితే బూట్లు వంటింట్లోకి తేకూడదు కదా. పెరట్లో మూడిటుకలు పెట్టి, వాటి మీదో సొట్టపడ్డ మూకుడు పెట్టి, వేరే పొయ్యి చేసుకుంది. ఆ పొయ్యి మీద ఇంకేదీ వండేది కాదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏటే, ఈ పూట బూట్ల కూరా?" అనేది.

"అవునప్పా. ముద్దెడతాను రా. ఉప్పు సాలిందో లేదో నువ్వే సెప్పాల."

నా గొడవ నాది. వానాకాలంలో కొన్నాళ్ళు నేను అక్కడే ఉండేదాన్ని. "ఒసే, మైనానికి నిప్పంటుకుంటాదే, కొంగు జాగర్తే" అని పక్కనే నిలబడి సతాయించేదాన్ని.

"నీకు నిప్పంటే బయ్యం, నీళ్ళంటే బయ్యం, ఎండంటే బయ్యం. ఏటంటే బయ్యం లేదో అది సెప్పు వొదినా, దాని పక్కన కూకోబెడతాను" అనేది. నాకూ నవ్వొచ్చేది.

బూటు ఊరికే ఇచ్చేది కాదు. లోపలికి చెయ్యి పోనిచ్చి, కొస దాకా తడిమి, రాయి లేదని, తేలు లేదని చూసి అప్పుడు తొడిగేది. సాయంత్రం వాడు రాగానే పీట మీద కూర్చోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులన్నీ పొడిగుడ్డతో ఒత్తేది. తర్వాత వెలుతురు వైపు తిప్పి అరికాలు చూసేది. వాడు విసుక్కునేవాడు. "ఏటీ లేదే, నొప్పి లేదు."

"నొప్పుంటే నిన్నే అడుగుదును. కాలికి తెలీదు, మనకి తెలవాల" అనేది.

తన కాళ్ళు మాత్రం ఎప్పుడూ ఉత్తికాళ్ళే. మడమలు బీటలు వారి ఉండేవి. చెప్పులు కొనిస్తే దాచుకుంది.

ఏటా మొదటి జల్లు పడగానే మైనం కాచడం, పంట కోతల దాకా వారం వారం పూత. అలా ఆ కాలు నిలిచింది. మందులు వాడు మింగాడు, నిజమే. కానీ కాలు కాసింది మా మరదలు.

పోయిన రోజు మధ్యాహ్నానికి ముసురు పట్టింది. వాళ్ళకి కూతురే, గజపతినగరంలో ఇచ్చారు, అది ఏడుస్తూ వచ్చింది. కొడుకు లేడు కాబట్టి నిప్పుకుండ మా తమ్ముడే పట్టుకోవాలి. కుండ పట్టినవాడు చెప్పులు వేసుకోకూడదు. వల్లకాటి దారంతా బురద, గులకరాళ్ళు, తుమ్మముళ్ళు. నాకు ఏడుపు ఆగిపోయింది. బూట్లు పట్టుకొచ్చి అందరి ముందూ నిలబడ్డాను.

"ఆడిది సుగరు కాలు. బూట్లేసుకోనీండి."

"బూట్లేసుకుని సితికి నిప్పెడతాడేటి? అదేం మాటే?" అన్నాడు మా పెదనాన్న వరస ముసలాయన.

"కాలు పోతే నువ్విస్తావేటి?" అన్నాను.

తమ్ముడు నా చేతిలో బూట్ల వైపు చూశాడు. వారం కిందటి పూత ఇంకా నిగనిగలాడుతోంది. "అదుంటే ఏసుకోమనీది" అన్నాడు.

"మరేసుకోరా."

"అది లేదు కదప్పా."

కుండ ఎత్తుకుని వానలోకి దిగాడు. వల్లకాటికి ఆడవాళ్ళు వెళ్ళరు. వీధి మలుపు దాకా వాడి మడమలనే చూస్తూ నిలబడ్డాను.

తిరిగొచ్చి బోరు దగ్గర స్నానాలు చేసి, తడిబట్టలతో లోపలికొచ్చారు. మరదల్ని పడుకోబెట్టిన చోట పెట్టిన దీపం చూడాలి. తమ్ముడు ముందు నడిచాడు. సిమెంటు గచ్చు మీద తడి అడుగులు పడ్డాయి. కుడి అడుగు నీళ్ళు. ఎడం అడుగు ఎర్రగా ఉంది. గుమ్మం నుంచి దీపం దాకా, ఒకటి విడిచి ఒకటి. వాడు దండం పెట్టి, ఇటు తిరిగి, నా మొహం చూశాడు.

"ఏటప్పా, అలా సూస్తన్నావు?" అన్నాడు.