ఓబులమ్మ ఇవ్వని జవాబు

1956 జూన్ 17, ఆదివారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. కర్నూలు పాత ఊళ్లో మేము అద్దెకున్న ఇంటి తలుపు చాటున నిలబడి నేను ఒక అబద్ధం చెప్పాను. చిన్న అబద్ధమే. దాన్ని ఇప్పటిదాకా ఎవరికీ తెలియకుండా మోస్తూ వచ్చాను. నా భర్తకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. దేవుడికి చెప్పానా? దండం పెట్టుకునేటప్పుడు కూడా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మనసును పక్కకు తిప్పేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తేదీలు, లెక్కలు నాకు అలవాటు. స్కూలు ఫైనల్లో కోయిలకుంట్ల బడిలో లెక్కల్లో మొదటిదాన్ని. ఆ పైన చదువుతానంటే మా నాయన నవ్వి, పాలలెక్క రాసుకునే దానికి ఆ మాత్రం చాలన్నాడు. పెళ్లి చేశాడు. పుట్టింట్లోనైనా అత్తింట్లోనైనా ఎవరి వయసెంత, ఏ ఏడు ఎన్ని బస్తాలు పండాయి అని అనుమానం వస్తే నన్నే అడిగేవారు. నేను చెప్పింది ఎవరూ సరిచూసేవారు కాదు. నా అబద్ధం అన్నేళ్లు నిలబడిందంటే ఆ నమ్మకం మీదే.

ఆ ఏడు నాకు ఇరవై ఒకటి. అప్పట్లో కర్నూలే రాజధాని. నా భర్త సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆఫీసంటే డేరా. గాలి లేస్తే కాగితాల మీద రాళ్లు పెట్టుకొని రాసేవారు. ఒళ్లో పది నెలల బిడ్డ. మాతోపాటు నా ఆడబిడ్డ ఉండేది. నాకంటే ఒక్క ఏడాదే చిన్న. ఆమెను ఓబులమ్మ అంటాను, అది అసలు పేరు కాదు. బి.ఏ. రాజనీతి శాస్త్రం చదివి అప్పుడే పూర్తి చేసింది. ఆ తరగతిలో ఆడపిల్లలు నలుగురే.

మాది పల్లెల్లో భూములున్న కుటుంబం. పెళ్లికాని పిల్ల పరాయి మగవాడి ఎదుటికి రాకూడదు. ఓబులమ్మ కాలేజీకి కూడా గుడ్డ కట్టిన జట్కాలో పోయేది. ఆడపిల్లలు సారు వెనకాలే తరగతిలోకి వచ్చి, సారు వెనకాలే బయటికి పోయేవాళ్లు. రెండేళ్లలో రాజనీతి చెప్పిన సారూ ఓబులమ్మా ఒక్క మాటైనా మాట్లాడుకొని ఉండరు. ఆయనకు ఆమె రాత తెలుసు, అంతే. ఎవరైనా ఇంటికొచ్చి ఆ పిల్లను ఏదైనా అడగాలంటే వదినను అడగాలి. వదిన లోపలికి పోయి అడిగి, వచ్చి చెబుతుంది. వదిన నోట ఏది వస్తే అదే పిల్ల మాట. దాన్ని మళ్లీ అడగడం మర్యాద కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఉగాదికి ముందు మా అత్త జారిపడి తుంటి విరిగి మంచం పట్టింది. ఆమె ఉండేది కడప జిల్లాలో, గండికోటకు అవతల పల్లెలో. రాజధాని హైదరాబాదుకు పోతుందని అప్పటికే తేలిపోయింది. ఆఫీసుతోపాటు నా భర్త పోక తప్పదు. అత్త దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఇంట్లో ఆడవాళ్లం ఇద్దరమే. ఈ లెక్క ఎవరైనా వేయగలరు. నేను అప్పటికే వేసిపెట్టుకున్నాను.

ఆ ఆదివారం నా భర్త తల్లిని చూడడానికి ఊరికి పోయాడు. ఓబులమ్మ మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తోంది. వీధి తలుపు దగ్గర ఎవరో దగ్గారు. సందులోంచి చూస్తే గొడుగు మడుస్తూ ఆ సారు. ముప్పై ఏళ్లుంటాయి. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"ఇంట్లో మొగోళ్లు లేరా అమ్మా?" అన్నాడు.

"ఊరికి పొయినారు సార్. రేపు గానీ రారు."

"రేపటికి నేనుండను. రాత్రి రైలుకు పోతాండా. అందుకే నీకే చెప్తా. మన కాలేజీలో రాజనీతి తీసుకున్నోళ్లలో ఓబులమ్మదే మొదటి నంబరు. వాల్తేరు యూనివర్సిటీలో మా గురువుగారు ఎం.ఏ.కు ఒకర్ని పంపమన్నారు. ఫీజు లేదు. ఆడపిల్లలకు హాస్టలు ఉండాది. ఆ పిల్ల పోతానంటే సాలు, మీ ఆయనకు నేను నచ్చజెప్పుకుంటా."

నేను వెంటనే లోపలికి పోలేదు. అడిగాను.

"రాజనీతి సదివితే కడాకు ఏమొస్తాది సార్? డాక్టరు కాదు, ఇంజినీరు కాదు."

ఆయన నవ్వాడు. "మా నాయనా ఇదే అడిగినాడమ్మా. మన పల్లెల్లో అందరూ సదవకుండానే రాజకీయం చేస్తాండారు గదరా, నువ్వు సదివి ఏం ఊడబెరుకుతావు అని. ఏం చెప్పేది? నాకైతే ఈ ఉద్యోగం వచ్చింది. ఆ పిల్లకు వస్తాదని కాగితం మీద రాసియ్యలేను. కానీ కొత్త రాష్ట్రం వస్తాండాది. ఆడపిల్లలకు కాలేజీలు పెడతారు. వాటిల్లో చెప్పేదానికి ఆడోళ్లు కావల్ల గదా? నా మాట పక్కన పెట్టు. ఆ పిల్లను అడిగి రామ్మా."

లోపలికి పోయాను. వంటింట్లోకి పోయాను. కుండలో చెంబు ముంచి నీళ్లు తాగాను. పెరటి గుమ్మంలోంచి మిద్దె మెట్లు కనిపిస్తున్నాయి. పైన ఓబులమ్మ చేత్తో మిరపకాయలు నెరుపుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. ఎక్కడానికి తొమ్మిది మెట్లు. నేను ఎక్కలేదు. అడిగి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అక్కడే నిలబడి, తిరిగి తలుపు దగ్గరికి వచ్చాను.

"వద్దంటాండాది సార్. సదివింది సాలంట."

"ఆ పిల్లే అనిందా?" అన్నాడు. అలా అడగకూడదని ఆయనకూ తెలుసు. అడిగాడు.

"ఆ. ఆయమ్మే అనింది."

లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "సరే. బలవంతంగా సదివించేది కాదు. ఒక మాట చెప్పమ్మా. పబ్లిక్ పరీక్షకు ముందు కాలేజీలో పెట్టిన సెలెక్షన్ పరీక్షలో మూడో పేపరు నేనే దిద్దినా. అట్ల రాసినోళ్లను ఇంతవరకూ సూడలేదని చెప్పు."

చెబుతానన్నాను.

ఆయన సందు మలుపు తిరిగాడో లేదో ఓబులమ్మ మెట్లు దిగి పరుగున వచ్చింది. చేతులు మిరపకారంతో ఎర్రగా ఉన్నాయి. "మా సారు గదా వదినా, గొడుగేసుకొని పోతాండేది? ఏమంటాడు?"

ఒక అబద్ధానికి ఇంకొక అబద్ధం కావాలని అప్పుడు తెలిసింది. ఎవరో అడ్రసు కోసం వచ్చారని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పై చదువుకు పిల్లల్ని ఏరుతున్నారని, నువ్వు దానికి సరిపోవని సారు అన్నాడని చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "యా పేపర్లో పోగొట్టుకున్నానో చెప్పినాడా?" అని అడిగింది. తెలిస్తే సరిదిద్దుకుంటానన్నట్టు అడిగింది.

"మూడో పేపరు," అన్నాను.

అది ఎందుకు అన్నాను? వేరే పేపరు పేరు చెప్పొచ్చు. తెలియదనొచ్చు. నా నోట్లో అప్పటికి ఉన్న అంకె అదే. మెప్పుగా నా చేతికిచ్చిన మాటను తిప్పి ఆమె తప్పుగా చేశాను. అంకెతో చెప్పిన మాటను ఎవరూ అనుమానించరని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"మూడోదా? అదే బాగ రాసినాననుకుంటినే," అని ఓబులమ్మ మళ్లీ మెట్లెక్కి మిరపకాయల దగ్గరికి పోయింది.

మర్నాడు నా భర్తకు ఇంకో రకంగా చెప్పాను. సారు వచ్చాడని, పై చదువు చదివినా ఉద్యోగాలు లేవన్నాడని. మాట పూర్తి కాకముందే ఆయన ఒప్పుకున్నాడు. రాజనీతి చదివితే ఏమొస్తుంది అన్నది ఆ రోజు నుండి మా ఇంట్లో సామెతలాగా మిగిలిపోయింది. పొలంలో కలుపు తీసేవాళ్లు కూడా ఓబులమ్మను ఆ మాటతో ఎగతాళి చేసేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

అక్టోబరు ఆఖర్లో నేను హైదరాబాదుకు పోయాను. ఓబులమ్మ తల్లి దగ్గరికి పోయింది.

ఎందుకు చేశాను? శానా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న కారణం, ఆ చదువు దండగ, ఆ పిల్ల మేలుకే చేశానని. ఆ తర్వాత కొన్నేళ్లకు అత్త సంగతి ఒప్పుకున్నాను: పల్లెలో మంచం పక్కన నేను ఉండాల్సి వస్తుందని భయపడ్డాను. అది కూడా మొత్తం నిజం కాదు. లెక్కల్లో మొదటిదాన్ని నన్ను ఆపేశారు, అక్కరకు రాని చదువని అందరూ నవ్వే చదువుకు ఈమెను ఇంకా పైకి పంపుతారా అన్న కడుపుమంట అన్నిటికంటే ముందు పుట్టింది. నాకది ఒప్పుకోవడానికి అరవై ఏళ్ల వయసు దాటాల్సి వచ్చింది. ఆ పిల్ల నాకేం చేసింది? తను చదివే పాఠాలు రాత్రిళ్లు నాకు చెప్పేది. రాజ్యాంగంలో పౌరుడి హక్కులేమిటో నేను మొదట విన్నది ఆమె నోటే, బిడ్డకు పాలిస్తూ.

ఆ తరగతి వాళ్లు ఏమయ్యారో నేను వాకబు చేస్తూ వచ్చాను. వాళ్లందరూ ఉద్యోగాలు దొరక్క తిరగాలని కోరుకున్నాను. అలాగైతే నేను అన్నది నిజమౌతుంది కదా. ఏడుగురి సంగతి తెలిసింది. ఇద్దరు లెక్చరర్లు. ఒకరు నంద్యాలలో ప్లీడరు. ఒకరు గుమాస్తా. ఒకరు బట్టల అంగడి పెట్టారు, ఇద్దరు సేద్యంలోకి పోయారు. నలుగురికి అక్కరకొచ్చింది, ముగ్గురికి రాలేదు. ఓబులమ్మ తర్వాత రెండో నంబరులో ఉన్న అబ్బాయిని ఆ సారు వాల్తేరు పంపాడు. ఆ ఇద్దరు లెక్చరర్లలో అతనొకడు, ప్రిన్సిపాలుగా రిటైరయ్యాడు. రాజనీతి చదివితే ఉద్యోగం వస్తుందా అని ఎవరైనా పిల్లలు ఈ రోజు అడిగితే, కొందరికి వస్తుంది, కొందరికి రాదు అని చెబుతాను. ఆ సారు చెప్పింది కూడా అదే. ఆ ప్రశ్న వేసుకొని, లాభమో నష్టమో తేల్చుకోవలసిన మనిషి మిద్దె మీద ఉంది. ఆమె బదులు నేను తేల్చాను.

అంతటితో ఆగి ఉంటే ఎలా ఉండేదో. 1959 చివర్లో, పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజుల్లో, బిడ్డతో అత్తగారి ఊరికి పోయాను. ఓబులమ్మకు వరసకు పెద్దనాయన అయ్యే ఊరి పెద్ద ఇంటికొచ్చాడు. మంచం మీద అత్త, కింద చాపలో మేమిద్దరం.

"మ్మే ఓబులమ్మా, సమితిలో ఆడోళ్లు గూడా ఉండల్లంట. మన తట్టు నుంచి నీ పేరిస్తామనుకుంటాండాం. మా ఇంట్లో ఆయమ్మను పంపితే ఆడ గూడా మిరపకాయల ధరే మాట్లాడతాది."

ఓబులమ్మ పడిపడి నవ్వింది. ఆ తర్వాత అంది: "సదివినాగానీ పెద్దనాయనా, నాకది అబ్బలేదు. మా సారే అన్నాడు. కావల్లంటే వదిన్ను అడుగు. వదిన లెక్క తప్పదు."

ఆయన నా వైపు చూశాడు. "అవునా కోడలా?"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. అత్త ఉంది, పెద్దమనిషి ఉన్నాడు, ఓబులమ్మ ఉంది. తప్పు చేసినప్పుడు ఇరవై ఒకటి, ఇప్పుడు ఇరవై నాలుగు, క్షమించదగ్గ వయసే. నేను తల ఊపాను. ఆయన ఇంకెవరి పేరో ఇచ్చుకున్నాడు. తప్పులన్నిటిలో నాకు ఎక్కువ సిగ్గు ఆ తల ఊపడం గురించే. మొదటిది కడుపుమంటతో చేశాను. ఇది ఏ కారణమూ లేకుండా, నా పేరు చెడకూడదని చేశాను.

ఓబులమ్మకు ఇరవై ఆరో ఏట ఆ ఊళ్లోనే పెళ్లయింది. మంచి మనిషే దొరికాడు. ఇద్దరు కొడుకులు. ఆమె జీవితం పాడైపోయిందని నేననను, అనడానికి నాకు హక్కు లేదు. కానీ ఇంటికి పేపరు వస్తే చూసేది కాదు. ఎన్నికల గురించి మగవాళ్లు తప్పుగా మాట్లాడుతున్నా, తప్పని తెలిసినా, పెదవి కదిపేది కాదు. నేను గమనించేదాన్ని. పోయిన ఏడాది కడప ఆసుపత్రిలో చనిపోయింది. ఆఖరి మూడు రోజులు నేను పక్కనే ఉన్నాను. మనవళ్ల పుట్టినరోజులు మరిచిపోయానని నన్నే అడిగింది. అన్నీ సరిగ్గా చెప్పాను. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. నిద్రపట్టినప్పుడు చెబుదామనుకున్నాను, అదీ చేయలేదు.

ఆమె కొడుకులకు చెప్పి క్షమించమని అడగనా? వాళ్లు నన్ను అత్తా అని గౌరవంగా చూస్తారు. క్షమించేస్తారు కూడా. వాళ్లది కాని దాన్ని వాళ్లెలా క్షమిస్తారు? అందుకే అడగను. ఈ మాటలు రాశాక గుండె కొంచెం తేలికపడింది. ఆ తేలిక నాకు రావలసింది కాదని కూడా తెలుసు.

పోయినవి ఇవి. వాల్తేరులో సీటు లెక్కలోకి రాదు, అది వేరొకరికి దక్కింది. ఓబులమ్మ చెప్పవలసిన జవాబు ఒకటి, అవునో కాదో ఎవరికీ తెలియలేదు. ఆమె చెవిన పడవలసిన మెప్పు మాట ఒకటి. సమితిలో ఒక చోటు. తనకు తెలివి ఉందన్న నమ్మకం, ఇరవయ్యో ఏట నుండి చనిపోయేదాకా.

నావైపు పోయింది ఏమీ లేదు.