పక్షిని అడిగినావా?

మా తెలుగు సార్ పోయారన్న కబురు పోయిన మంగళవారం పొద్దున మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పది నిమిషాల్లో గ్రూపంతా పక్షులతో నిండిపోయింది. సూర్యుడికి అడ్డంగా ఎగిరే కొంగలు, పంజరం వదిలిన చిలుక, కింద ‘స్వేచ్ఛా విహంగమా, సెలవు’ అని అక్షరాలు. నాయుడుపేటలో మా స్కూలు స్టాఫ్‌రూంలో కూర్చుని ఏడుస్తున్నదాన్ని, అవన్నీ చూసి ఉన్నట్టుండి నవ్వేశాను. సార్ ఉంటే ఒక్కొక్కరికీ రెండేసి మార్కులు కోసేవారు.

రెక్క అన్న మాట కనబడితే చాలు ‘స్వేచ్ఛకు ప్రతీక’ అని రాసేయడం మా అందరి జబ్బు. గైడులో ఉన్న వాక్యం అది. సార్ దాని పక్కన ఎర్ర సిరాతో ‘పక్షిని అడిగినావా?’ అని రాసి సున్నా చుట్టేవారు. నేనొకసారి దోమ మీద ఉన్న హాస్య కవితకు కూడా అదే రాశాను. నా పేపరు మాత్రం క్లాసులో చదివి వినిపించి, దోమను అడిగొచ్చినాకే కూర్చోమన్నారు.

‘కథలో ఎవురైనా ఎగిరినారంటే యాడికి పోయినారని సూడొద్దు. దిగినాక ఎవురైనారో సూడండి’ అనేవారు. అన్నప్పుడల్లా చేతులు రెండూ బార్లా చాపేవారు. ముందు బెంచీ వాళ్ళం తలలు వంచుకునేవాళ్ళం. ఇంతా చేసి ఆయనకు ఎత్తంటే చచ్చేంత భయం. ఘాట్ రోడ్డులో బస్సెక్కితే కళ్ళు తిరుగుతాయని, కొండకు ఎప్పుడు పోయినా అలిపిరి నుంచి నడిచే పోయేవారు. మరి మాకు ఎగరడం గురించి ఎలా చెబుతారని అడిగితే, వంట రాని మొగుడు కూరకు వంకలు పెట్టడం లేదా అనేవారు.

డిగ్రీ అయ్యాక నాకు తిరుపతిలో ఎం.ఏ. సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలి. పూతలపట్టు పక్కనున్న మా పల్లె నుంచి బస్సులో గంటన్నర దూరం, అంతే. మా నాయనకు మాత్రం అది వేరే దేశం. దేవుడి దర్శనానికి తప్ప తిరుపతికి పోయిన ఆడపిల్ల మా ఇంట్లో లేదన్నాడు. చేరే గడువు ఇంక మూడు రోజులే. అది దాటితే నా చదువు అంతటితో సరి. సార్ దగ్గరికి పోయి ఏడ్చాను.

మరుసటి రోజు పొద్దున్నే మోపెడ్ మీద మా ఇంటికి వచ్చేశారు. పాఠం బాగా తయారు చేసుకుని వచ్చారని ముఖం చూస్తేనే తెలిసింది. ముందురోజు వాన పడింది. సందెవేళ పుట్టలోంచి లేచిన ఉసిళ్ళను, అంటే రెక్కల చెదపురుగులను, మా నాయన దీపం పెట్టి బిందెడు పట్టాడు. వాటిని వేయించి, మా అమ్మ వాకిట్లో చేటతో చెరుగుతోంది. సన్నటి రెక్కలన్నీ గాలికి లేచి నేరుగా సార్ మీదికే వచ్చాయి.

అమ్మ ఉసిళ్ళలో బొరుగులు కలిపి గిన్నెలో పెట్టిచ్చింది. తిరుపతి టౌన్లో పుట్టి పెరిగిన మనిషి, పిడికెడు నోట్లో వేసుకున్నాక ఇవేమిటని అడిగారు. చెప్పాను. మింగాలా వద్దా అని కాసేపు ఆలోచించి, మింగి, ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆకాశం, రెక్కలు, గూడు దాటిన పిల్ల తనను తాను తెలుసుకోవడం, అన్నీ వచ్చాయి. నాయన ఓపిగ్గా విని చేటవైపు చెయ్యి చూపించాడు.

“రెక్కలొచ్చినవి కడాకు యాడికొచ్చినాయో మీరే సూస్తా ఉండారు గదా సార్.”

సార్ గిన్నెలోకి వంగి చూశారు. నా సీటు పోయిందనుకున్నాను. ఆయన నిజంగానే తెలియక అడిగారు.

“మనకు దొరకనివి ఏమైతాయప్పా?”

సేద్యం చేసేవాడికి తెలిసిన సంగతే కాబట్టి నాయన హుషారుగా చెప్పాడు. “అవి యాడనో దిగి, ఆ రెక్కలు అవే రాల్చుకుంటాయి సార్. ఇంగ వాటితో పనేముండాది? మట్టి తవ్వుకోని సొంతంగా ఇంగో పుట్ట పెడతాయి.”

చెప్పి ఆగిపోయాడు. తానేమన్నాడో తనకే వినబడినట్టుంది. సార్ ఆ సందు చూసి మళ్ళీ పాఠం అందుకుంటారనుకున్నాను. ఆయన గిన్నె చాపి మా అమ్మను ఇంకొంచెం పెట్టమన్నారు. ఆయన నోరు మెదపకుండా చెప్పిన పాఠం అదొక్కటే.

నాయన చేటలో మిగిలిన రెక్కలను చేత్తో తుడిచి అడిగాడు. “హాస్టల్లో అన్నం బాగుంటాదా సార్?”

“బాగుండదప్పా. వారానికొకతూరి క్యారియర్ పంపు.”

ఈ రోజు నేను నలుగురు పిల్లలకు పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే అది సార్ చలవే. ఆ మాట ఆయన ముఖాన ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు అదే బాధగా ఉంది.

ఆ పొద్దున ఆయనను సాగనంపడానికి రోడ్డు దాకా పోయాను. జుట్టులో, మీసంలో, చొక్కా వీపునిండా ఉసిళ్ళ రెక్కలు అంటుకుని ఉన్నాయి. దులుపుకోండి సార్ అంటే వినిపించుకోలేదు. మోపెడ్ కాస్త వేగం అందుకోగానే అవి ఒకటొకటే ఆయన వెనక గాలిలోకి లేచాయి. ఆయన మాత్రం రెండు చేతులతో హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, చాలా జాగ్రత్తగా పోయారు.