తాలింపు వాసన రాని ఇల్లు

1964 ఎండాకాలం. అప్పుడు నేను ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో వేక్సినేటర్ని, అంటే టీకాలు వేసే మనిషిని. ఆ ఊళ్ళోనే ఇందా అనే పేటలో రెండు అద్దె గదులు తీసుకుని ఒక చిన్న పరిశోధన సంస్థ పెట్టినారు. దాని డైరెక్టరు ఒక బెంగాలీ ఆవిడ. అందరం దీదీ అనేవాళ్ళం. కొన్నాళ్ళు ఆవిడకి తోడుగా నన్ను వేసినారు.

సంస్థ పని మేథమెటికల్ బయాలజీ. ఆ పేరు వినగానే నాకు గుండె జారిపోయింది, లెక్కలంటే చిన్నప్పట్నించీ పడదు మరి! దీదీ నవ్వేసి చెప్పింది: రోగం ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుంది, చుట్టూ ఎంతమందికి టీకా పడితే ఆగుతుంది, ఇది లెక్క కట్టి ముందే చెప్పడం. అంతే. ఆవిడ దగ్గర ఒక కట్టడి ఉండేది. ఎంత చదువు చదివినవాడైనా సరే, సుద్దముక్క పట్టుకునే ముందు మన తెలుగువాళ్ళుండే రైల్వే క్వార్టర్స్‌లో ఓ ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడి రావాల్సిందే. కలకత్తా పండితులు సణుక్కుంటూ నా వెనకాల ఎండలో నడుస్తుంటే భలే సరదాగా ఉండేది.

ఆ ఏడు క్వార్టర్స్‌లో మశూచి వచ్చింది. మనవాళ్ళు ఆ మాట అనరు కదా, అమ్మోరు వచ్చిందంటారు. తెలిస్తే ఐసోలేషన్ వార్డుకి, అంటే రోగిని విడిగా ఉంచే చోటుకి, తీసుకుపోతారని గుమ్మానికి వేపమండ కట్టడం కూడా మానేసినారు. కానీ అమ్మోరున్న ఇంట్లో తాలింపు పెట్టరు. ఆ నియమం మాత్రం ఎవరూ తప్పలేదు. వంట వేళ ఒక లైనులో, ఆ ఇళ్ళ వరస వెంట, నడుస్తుంటే ఇంటింటా ఆవాలు చిటపటమంటున్నాయి, ఒక్క అప్పలనరసమ్మ ఇంట్లో తప్ప. ఆమె మొగుడు వర్క్‌షాపులో బరువులు మోసే ఖలాసీ. పెద్ద కూతురు అంతకుముందు ఆ వార్డుకే వెళ్ళి తిరిగి రాలేదు. ఇప్పుడు చిన్నది, పైడితల్లి, మంచం పట్టింది.

"పట్టుకెల్లిపోడానికొచ్చినారేటి?" అని, నేనూ దీదీ తలుపు తట్టగానే అప్పలనరసమ్మ సందులోంచి అరిచింది. "పెద్దదాని మొకం కూడా సూపించనేదు. దీన్ని ఇవ్వను!"

దీదీకి తెలుగు రాదు, ఆ మాటలు నేను హిందీలో చెప్పినాను. ఆవిడ అరుగు మీద చతికిలబడింది.

"పిల్ల తల్లి దగ్గరే ఉంటుందని చెప్పు, రత్నా. ఈ ఇంటి నంబరు నా నోట రాదు. కానీ లైనంతా టీకా వేయించుకోవాలి, ముందు ఆమే."

"మాటేనా?" అంది అప్పలనరసమ్మ.

దీదీ ఆమె కళ్ళలోకి చూసి, "ఠీక్ హై, మాటే," అంది.

తలుపు తెరుచుకుంది. లాన్సెట్, అంటే చర్మం మీద గుండ్రంగా తిప్పే పళ్ళ సూది, ముందు ఆమె చేతి మీదే తిప్పినాను. అది చూసి, ఎప్పుడూ మొహం చాటేసేవాళ్ళు కూడా వరసలో నిలబడినారు. పిల్లని వెనక గదిలో ఉంచి, తల్లి తప్ప ఎవరూ వెళ్ళకుండా చూసుకున్నాం. రోగం ఆ లైను దాటలేదు. లైనంతా టీకా పడితే ఆగుతుందన్న దీదీ లెక్క నిజమైంది.

అయితే సంస్థ పెట్టిన పైవాళ్ళకి అమ్మోరున్న ఇళ్ళ నంబర్లు కావాలట. ఇవ్వకపోతే దీదీని కుర్చీ దిగిపొమ్మన్నారు.

"ఇచ్చేయండి దీదీ, మీరు పోతే ఈ సంస్థ ఏమైపోతుంది?" అని బతిమాలినాను.

"నమ్మి తలుపు తీసినవాళ్ళని పట్టిస్తే, రేపు మనకి ఏ తలుపు తెరుచుకుంటుందమ్మా? ఈ సంస్థ పెట్టింది నా కుర్చీ కోసమా?" అంది.

పైడితల్లికి నయమై నీళ్ళు పోసిన రోజు ఆ ఇంట్లో మళ్ళీ ఆవాలు పేలినాయి. అప్పలనరసమ్మ మొదటి గిన్నె చారు నా చేతిలో పెట్టింది. "మీ దీదీ తినాల. ఆయమ్మ తిన్నాకే మాం తింటాం," అంది.

వేడి గిన్నె కొంగులో చుట్టుకుని గబగబా ఇందాకి పోయినాను. గదులకి తాళం. దీదీ కుర్చీ వదిలేసి పొద్దున బండికే హౌరా వెళ్ళిపోయిందని పక్క దుకాణం బెంగాలీ ఆయన చెప్పినాడు. అయ్యో, అక్కడ ఆకలితో కూర్చున్నవాళ్ళకి ఏమని చెప్పేది? ఆ గుమ్మంలోనే కూలబడి, ఏడుస్తూ ఆ చారు నేనే తాగేసినాను. తిరిగి వెళ్ళి, "తిన్నారమ్మా, బాగుందన్నారు," అన్నాను.

తర్వాత వచ్చిన డైరెక్టరూ బాగా చదువుకున్నవాడే. కానీ అరుగుల మీద మళ్ళీ ఎవరూ కూర్చోలేదు. ఆ లెక్కలు ఎవరి కోసమో మరిచిపోని మనిషి పైన ఉండాలని నాకు అప్పుడే తెలిసొచ్చింది. ఇప్పటికీ పక్కింట్లో తాలింపు చిటపటమంటే దీదీ కోసం ప్రాణం కొట్టుకుంటుంది. ఒక్కసారి వచ్చి ఆ గిన్నెడు చారు తాగి వెళ్తే బాగుణ్ణు.