కట్టేసిన కాలువలో లకుముకి పిట్ట

మా ఇంట్లో రోజూ దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన జరుగుతుంది. పాట, వాక్యం అయ్యాక ఒక్కొక్కరం ఆ రోజు చూసిన దేవుని కార్యం ఒకటి చెప్పాలి. ఇది మా అత్తయ్య పెట్టిన పద్ధతి. నిన్న చెప్పింది ఇవాళ చెల్లదు. సూర్యుడు, సముద్రం లాంటి పెద్దవి అసలే చెల్లవు. "అయ్యి అందరికీ కనపడతయ్యి, నీకేం కనపడిందో చెప్పు" అనేవారు.

పెళ్లయి నందివాడ దగ్గరున్న ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇది నాకు రోజూ పరీక్షలా ఉండేది. మా ఆయన చేపల చెరువుల మీద పని చేస్తారు కాబట్టి ఆయన వంతు ఎప్పుడూ చేపలదే. అత్తయ్య చెప్పేవి మాత్రం వినబుద్ధేసేవి. సొరతీగ పందిరిని ఏ వైపు నుంచి చుట్టుకుంటుందో, వానకి ముందు చీమలు గుడ్లు ఎటు మోసుకెళ్తాయో, గంటల తరబడి చూసి చెప్పేవారు.

తర్వాత ఆవిడ కళ్లకి నీటికాసులు వచ్చాయి. ఉత్త తలనొప్పే అనుకుని ఆలస్యం చేశాం. పోయిన చూపు ఇక తిరిగి రాదని గుడివాడలో డాక్టరు చెప్పేశారు. ఆ రోజు నుంచి అత్తయ్య తన వంతు మానేశారు. "చూడంది చూశానని ఎట్టా చెప్పనమ్మాయ్?" అన్నారు. మమ్మల్ని అడగడం మాత్రం మానలేదు. ఏ రంగు, ఎంత పొడుగు, ఎటు తిరిగి కూర్చుంది, అన్నీ కావాలి ఆవిడకి. పొద్దంతా బట్టల కొట్లో నిలబడి, బస్సులో వేలాడి ఇల్లు చేరే నాకు ఆ ప్రశ్నలంటే నిజంగానే విసుగొచ్చేది.

ఎండలు ముదిరిన ఒక సాయంత్రం, ఏదో ఒకటి అప్పజెప్పేసి లేద్దామని, "కాలవ వంతెన దగ్గర లకుముకి పిట్ట బుడుంగున నీళ్లలోకి దూకి చేపపిల్లని పట్టుకొచ్చిందండీ" అన్నాను. ఎప్పుడో చూసినదాన్ని దుమ్ము దులిపి పెట్టానన్నమాట. మా ఆయన చిన్నగా దగ్గారు. అత్తయ్య ప్రార్థన మొదలుపెట్టారు.

"ప్రభువా, కాలవలు కట్టేసి పది రోజులైంది. నా కోడలికి లేని నీళ్లల్లో పిట్టని చూపించావు. ఉన్నయ్యి కూడా చూపించు తండ్రీ."

ఎండాకాలం రాగానే మా డెల్టా కాలువలకి నీళ్లు ఆపేస్తారు. కాలువ కట్టేయడమంటే అదే. రోజూ ఆ వంతెన మీదుగానే వెళ్లొస్తూ నేను ఫోన్లోంచి తలెత్తలేదు. ఆవిడేమో మంచం మీద కూర్చుని బురద వాసనతోనే పసిగట్టేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. అందరూ లేచాక పక్కన కూర్చుని, "తప్పయిందండీ అత్తయ్యా" అన్నాను.

"నాకున్నయ్యి నీ కళ్లేనమ్మాయ్. అయ్యి కూడా అబద్ధం చెప్తే నాకింక లోకం ఎక్కడిది?" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. ఏడుపొచ్చింది.

మర్నాడు వంతెన దగ్గరే బస్సు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని కాలువలోకి దిగాను. గట్టు వార బురద ఎండి బీటలు తీసింది. బీటల్లో నత్తగుల్లలు. ఒకటి పైకి తీస్తే నోటికి గట్టి మూత ఉంది. గోటితో లాగినా రాలేదు. లోపల ఖాళీ అనుకుందామంటే బరువుగా ఉంది. కొలత తీసుకుని కోసినట్టు ఆ మూత అంత సరిగ్గా ఎలా అతికింది? నీళ్లు పోతాయని దీనికెవరు చెప్పారు? అన్నాళ్లూ ఏం తింటుంది?

గట్టు మీద గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి, "ఏం పోయిందమ్మా కాలవలో?" అని అడిగాడు.

"ఏం పోలేదు మావయ్యా, చూస్తున్నాను. ఇది బతికే ఉందంటారా?"

"దానికేం, మళ్లీ నీళ్లు తగిల్తే అదే లేస్తది" అనేసి గేదెల వెనక వెళ్లిపోయాడు.

దాన్ని టిఫిన్ బాక్సులో వేసుకుని ఇంటికి తెచ్చి అత్తయ్య అరచేతిలో పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి తడిమారు. మూత అంచు దగ్గర వేలు ఆగింది. "తలుపేసుకుందే" అన్నారు. గిన్నెలో నీళ్లు తెమ్మన్నారు. నేను స్నానం చేసి, అన్నం వండినంతసేపూ ఆ గిన్నె ఒళ్లోంచి దించలేదు. పాట పాడుతున్నప్పుడూ వేలు నీళ్లలోనే ఉంది.

వాక్యం అయ్యాక మా ఆయన తన చేప సంగతి చెప్పారు. నా వంతు వచ్చింది. "ఇవాళ కాలవలో..." అని మొదలుపెట్టాను.

"ఆగమ్మాయ్" అన్నారు అత్తయ్య. "తలుపు తీసింది. మెత్తగా నా వేలు పట్టుకుని పాకతంది. ఇయ్యాల నేను చెప్తాను."